వేగులవాడు – డిగ్నాబాద్

యుద్ధకథలలో శత్రువును కాల్చినవాని పేరు నిలుచును. కంటబడకుండ చూచి వచ్చిన వేగులవాని పేరు అరుదుగా వినబడును. మేజర్ డెనిస్ మెకార్తీ అట్టివాడు.

జపాను సేనలు 1942 మార్చి 23న పోర్ట్ బ్లెయిరును ఆక్రమించెను. అంతకుముందు మెకార్తీ అచ్చట పోలీసు అధికారి. అడవిదారులు, సముద్రపుపాయలు, ద్వీపవాసుల మాటతీరు అతడెరిగినవే. అందువలన 1943 జనవరిలో బ్రిటిషువారు అతనినే మరల పంపిరి. డచ్చి జలాంతర్గామి ఓ-24 అతనిని, కొద్దిమంది భారతీయ సైనికులను మధ్య అండమాను పడమటి తీరమున రహస్యముగా దింపెను. ఈ కార్యమునకు ‘బాల్డ్‌హెడ్’ అని గుప్తనామము.

వేగులవాని చేతిలో తుపాకి యుండును గాని, దానిని పేల్చకుండుటయే అతని నేర్పు. ఒక్క గుండు ప్రేలినను, పొయ్యి పొగ చెట్లపైకి లేచినను జాడ బయటపడును. అట్టి జాగ్రత్తతో ఆ దళము దక్షిణమునకు నడచి, శత్రువుల బలమును, ద్వీపముల స్థితిగతులను తెలిసికొని, మార్చిలో తిరిగి జలాంతర్గామి నెక్కెను. జపానువారికి చిక్కలేదు.

అడవిలోనివాడు వెడలిపోయెను. పట్టణములోనివారికి వెడలు దారి లేదు. ఓడలు మునుగుట, బాంబులు పడుట చూచి, ద్వీపవాసులే వార్తలు పంపుచున్నారని జపానువారు అనుమానించిరి. 1943లోనే గూఢచర్యపు నేరము మోపి కొందరిని డిగ్నాబాద్‌లో కాల్చిచంపిరి. వైద్యుడును, పంజాబీ కవియు నగు దీవాన్ సింగ్ చిత్రహింసలకు లోనై 1944 జనవరి 14న సెల్యులర్ జైలులో మరణించెను. అదే నెల 30న హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని కాల్చిరి. 1945 అక్టోబరు 7న జపాను సేనాపతులు పోర్ట్ బ్లెయిరులో లొంగుబాటు పత్రముపై సంతకము చేయువరకు ఆ భయము తొలగలేదు.

నిజమైన వేగులవాడు దొరకలేదు. వేగు నెరుగనివారు బలియైరి. మెకార్తీ సాహసము కొనియాడదగినదే. కాని ఆ సాహసము చరిత్రలో సగము మాత్రమే.

ఆ పట్టణము 2024లో శ్రీ విజయపురమను పేరు దాల్చినది. అచ్చట నేడు తెలుగు కుటుంబములు పెక్కు కలవు. ఉద్యోగరీత్యా ఆ ద్వీపములకేగువారు సెల్యులర్ జైలును తప్పక దర్శింతురు. డిగ్నాబాద్ వీధులలో నడచునపుడును ఒక్క క్షణము నిలువదగును.