కప్పు కింద కట్టె వంతెన

ఆదిలాబాద్ అడవుల్లో టేకుకు కొదవ లేదు, కరీంనగర్ పల్లెల్లో వడ్ల పనివాళ్లకూ కొదవ లేదు. అయినా ఇంటికప్పులా పైన కప్పేసిన కట్టె వంతెన మన వైపు కనిపించదు. దాన్ని చూడాలంటే చైనా, స్విట్జర్లాండ్, అమెరికా పోవాలి.

ఆ కప్పు మనుషులు తడవకుండా వేసిందని చాలామంది అనుకుంటారు. అసలు వేసింది దూలాల కోసం. తడిసి ఆరి, మళ్లీ తడిస్తే కట్టె అతుకుల దగ్గర కుళ్లుతుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో షుయ్‌ల్‌కిల్ నది మీద తిమోతి పామర్ కట్టిన వంతెన 1805లో తెరుచుకుంది. దానికి కప్పు వేయాలని పట్టుబట్టినవాడు వంతెన కంపెనీ అధ్యక్షుడు, జడ్జి రిచర్డ్ పీటర్స్. కప్పు లేకుంటే పది పన్నెండేళ్లు, ఉంటే ముప్పై నలభై ఏళ్లు నిలుస్తుందని పామర్ లెక్క. ఆ లెక్క తక్కువే అయింది. 19వ శతాబ్దంలో కట్టిన కప్పు వంతెనలు అమెరికాలోనే వెర్మాంట్ పల్లెల్లో ఇప్పటికీ పదుల సంఖ్యలో ఉన్నాయి. అక్కడి తెలుగువాళ్లు శరదృతువులో వాటి ముందు నిలబడి ఫోటోలు దిగి పంపుతుంటారు.

కిటుకు ఒక్కటే. పెంకులు, పలకలు పోతే మారుస్తారు, లోపలి దూలాలను ముట్టుకోరు. మన గుడి రథాన్ని ఏడాది పొడుగునా రేకుల షెడ్డులో నిలిపేది కూడా ఇందుకే.

మరి మనకెందుకు రాలేదు? నది ఒప్పుకోదు. న్యూయార్క్ రాష్ట్రంలో 1855లో కట్టిన బ్లెన్‌హైమ్ వంతెన ఒక్క అంగలో దాటింది దాదాపు 210 అడుగులు. కట్టెకు అది పెద్ద ఘనతే, మన గోదావరికి మాత్రం ఒక మూలకు రాదు. అడుగున ఇసుక, వానాకాలం వరదలో కొట్టుకొచ్చే మాన్లు, వీటికి తోడు చెదలు. అందుకే గోదావరి మీద సోన్ దగ్గర నిజాం కాలంలో కట్టెది కాని వంతెన లేచింది. మిగతా రేవుల్లో పడవే దిక్కయింది. ఏజెన్సీ వాగుల మీద మొద్దులు పరిచి దారి వేసుకుంటారు, వరదకు పోతే మళ్లీ వేసుకుంటారు.

కప్పున్నంత మాత్రాన అన్నీ తప్పవు. బ్లెన్‌హైమ్ వంతెన 2011లో ఐరీన్ తుఫాను వరదకు కొట్టుకుపోయింది, 2018లో తిరిగి కట్టారు. స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్‌లో 14వ శతాబ్దపు కాపెల్ వంతెన 1993లో చాలావరకు కాలిపోతే ఏడాది లోపే నిలబెట్టారు. అంత తొందరగా ఎలా కుదిరిందంటే, పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి గనుక. చైనాలో ఫుజియాన్, ఝెజియాంగ్ వడ్రంగులు మేకు కొట్టకుండా దూలంలో దూలం దూర్చి కమాను నిలిపే విద్యను యునెస్కో 2009లో అత్యవసర రక్షణ జాబితాలో చేర్చింది. జాబితాకెక్కింది వంతెన కాదు, పనితనం. ఫుజియాన్‌లోని 98 మీటర్ల వాన్ఆన్ వంతెన 2022లో మంటల్లో పోయినా ఆ విద్య పోలేదు. 2024లో అది అత్యవసర జాబితా నుంచి బయటపడింది.

మన దగ్గర రథాలు చేసే వడ్ల పనివాళ్ల విద్య ఆ యునెస్కో జాబితాల్లో లేదు. కనీసం మీ ఊరి రథం షెడ్డు రేకులైనా ఈ వానలకు ముందు ఒకసారి చూసి రండి.