లిలాంగ్వే నర్సులు, మాత్రల లెక్క

2004లో మలావీ ప్రభుత్వం హెచ్ఐవీ మందులను దేశమంతటా ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. పేద దేశం, డాక్టర్లు బహు కొద్దిమంది. నర్సుల్లో చాలామంది మంచి జీతాల కోసం బ్రిటన్ బాట పట్టిన కాలమది. అందుకే చికిత్స భారమంతా ఉన్న నర్సుల మీద, క్లినికల్ ఆఫీసర్ల మీద పడింది. మందు మాత్రం మన దేశానిదే. సిప్లా కంపెనీ ట్రైయోమ్యూన్‌లో స్టావుడిన్, లామివుడిన్, నెవిరపిన్ మూడూ కలిపి ఒకే మాత్రగా వచ్చేవి. పూటకొకటి చొప్పున రోజుకు రెండు.

వినడానికి తేలిక. ఇచ్చేవాళ్ళకు మాత్రం అంత తేలిక కాదు. నెవిరపిన్‌తో ఒళ్ళంతా దద్దుర్లు లేచే ప్రమాదం ఉంది కాబట్టి మొదటి రెండు వారాలు ఆ మందును రోజుకు ఒక్కసారే ఇవ్వాలి. అంటే కొత్తగా చేరినవాళ్ళకు ఒక రకం ప్యాకెట్, పాతవాళ్ళకు మరో రకం. ఇవన్నీ తరగతిలో నేర్పి, పరీక్ష పెట్టి, అప్పటికే నడుస్తున్న క్లినిక్‌లో కొన్నాళ్ళు చేయించాకే సిబ్బందికి పని అప్పగించేవారు. ప్రతి రోగికీ చికిత్స వివరాలు రాసే మాస్టర్‌కార్డు ఒకటి ఉండేది. మూడు నెలలకోసారి ఆరోగ్యశాఖ బృందం వచ్చి కార్డులూ, అల్మరాలోని డబ్బాలూ చేత్తో లెక్కపెట్టేది. లెక్క బాగున్న క్లినిక్‌కు ప్రశంసాపత్రం ఇచ్చేది. కాగితంతోనే ఇంత క్రమశిక్షణ సాధించిన దేశాలు అరుదు. ఆ ఘనత మలావీకి దక్కాలి.

కానీ 2007 చివరికి మందులు వాడుతున్నవాళ్ళు లక్ష దాటారు. రాజధాని లిలాంగ్వేలోని లైట్‌హౌస్ లాంటి పెద్ద క్లినిక్‌లలో కార్డుల దొంతరలు మనుషుల చేతికి లొంగడం మానేశాయి.

జెరీ డగ్లస్ స్థాపించిన బావోబాబ్ హెల్త్ సంస్థ అప్పటికి కొన్నేళ్ళుగా ఆ నగరంలోనే పనిచేస్తోంది. అమెరికాలో అమ్ముడుపోక మూలపడ్డ ఐ-ఓపెనర్ అనే చవక ఇంటర్నెట్ పరికరాలను తెచ్చి, వాటిని క్లినిక్‌ల కోసం వేలితో తాకితే పనిచేసే తెరలుగా మార్చింది. కరెంటు తక్కువ తాగుతాయి, బ్యాటరీల మీద నడుస్తాయి. అంతకన్నా ముఖ్యం, అంతకుముందు కంప్యూటర్ ముట్టని నర్సుకు మౌస్ పట్టుకోవడం నేర్పాల్సిన అవసరమే ఉండదు. ఏటీఎంలో లాగా తెర మీద ఒక్కో ప్రశ్నే వస్తుంది. జవాబు తాకితే తర్వాతిది వస్తుంది. అసలు పాఠంలో సగం ఆ ప్రశ్నల వరుసలోనే ఇమిడి ఉంది. ఏ అడుగు తర్వాత ఏ అడుగో గుర్తుపెట్టుకునే బరువు నర్సు నెత్తిన లేదు.

మందులిచ్చే చోట పని ఇలా సాగేది. రోగి తన వైద్య వివరాలుండే హెల్త్ పాస్‌పోర్ట్ పుస్తకం ఇస్తాడు. దాని మీద అంటించిన బార్‌కోడ్‌ను స్కాన్ చేస్తే అతని వివరాలు తెర మీదికొస్తాయి. మిగిలిన మాత్రలను నర్సు లెక్కపెట్టి ఆ అంకె తాకుతుంది. అరవై మాత్రలు తీసుకెళ్ళి ఇరవై ఎనిమిది రోజులకు వచ్చినవాడి దగ్గర నాలుగు ఉండాలి. పదహారు ఉన్నాయంటే పన్నెండు పూటలు తప్పాయన్నమాట. ఆ తీసివేత యంత్రం చేసేస్తుంది. ఎందుకు తప్పాయో అడిగి తెలుసుకోవడం నర్సు వంతు. ఆ సంభాషణకు సమయం మిగలడమే ఈ ఏర్పాటులోని అసలు లాభం. ఆ తర్వాత కొత్త డబ్బా బార్‌కోడ్ స్కాన్ చేసి ఇస్తారు. చిన్న ప్రింటర్ నుంచి వచ్చిన చీటీని పాస్‌పోర్ట్‌లో అతికిస్తారు.

ఇలా రోగి ఎదుటే నర్సే వివరాలు నమోదు చేయాలన్నది బావోబాబ్ పట్టుదల. సాయంత్రం గుమస్తా కూర్చుని కాగితాల్లోంచి ఎక్కిస్తే, పొరపాటు బయటపడేసరికి రోగి ఇల్లు చేరి ఉంటాడు. అయినా తెరలు రాగానే కాగితం పోలేదు. పాత కార్డులన్నీ యంత్రంలోకి ఎక్కించాలి, రెండు లెక్కలూ సరిపోతున్నాయో లేదో పోల్చి చూడాలి. అప్పటిదాకా రెండు పనులూ చేయాల్సి వచ్చింది సిబ్బందికి.

2011లో మందులే మారాయి. నరాలను దెబ్బతీసే స్టావుడిన్ స్థానంలో టెనోఫోవిర్ కలిసిన మాత్ర రావడం మొదలైంది. గర్భిణుల్లో హెచ్ఐవీ ఉన్న ప్రతి ఒక్కరికీ జీవితాంతం చికిత్స ఇవ్వడం మలావీ అదే ఏడాది మొదలుపెట్టింది. ప్రపంచంలో ముందుగా ఆ పని చేసింది ఆ దేశమే. వేలమంది సిబ్బందికి మళ్ళీ శిక్షణ ఇచ్చారు. పెద్ద క్లినిక్‌లలో తెరల మీది నిబంధనలు మార్చారు. తెరలు లేని పల్లె ఆరోగ్య కేంద్రాల నర్సులు మాత్రం కొత్త మందులను పెన్నుతోనే మాస్టర్‌కార్డులోకి ఎక్కించడం నేర్చుకున్నారు.