ఈల ఎప్పుడు ఊదాలి?

బాస్కెట్‌బాల్ రిఫరీకి ఈల ఊదడం కన్నా ఊదకుండా ఆగడమే కష్టం. ఒకరి బూటు లేసు ఊడుతుంది. వల ఒక పక్క రింగు మీదికి మెలిపడుతుంది. గడియారం ఒక్క క్షణం మొరాయిస్తుంది. వీటిలో ఏది చిన్న లోపం, ఏది ఆట ఫలితాన్నే మార్చే లోపం అన్నది అక్కడికక్కడ రిఫరీయే తేల్చాలి. నూట ముప్పై ఏళ్లు దాటిన ఈ ఆట చరిత్రను ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని చదివితే చాలా సంగతులు తెలుస్తాయి.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు ఈ ఆటను రూపొందించాడు. వ్యాయామశాల బాల్కనీకి పది అడుగుల ఎత్తున రెండు పీచ్ పళ్ల బుట్టలు కొట్టించాడు. జట్టుకు తొమ్మిది మంది, ఆడింది ఫుట్‌బాల్‌తో. బుట్టకు అడుగు ఉండటం వల్ల గోలు పడ్డప్పుడల్లా ఆట ఆపి, పైకెక్కి బంతి తీయాల్సి వచ్చేది. అంటే మొదటి రోజు నుంచే ఆటను ఆపింది ఆటగాళ్లు కాదు, సామగ్రి.

నైస్మిత్ రాసిన పదమూడు నియమాల్లోనే దీని ఆనవాలు ఉంది. బంతి బుట్ట అంచు మీద నిలిచి ఉండగా ఎదుటి జట్టువాడు బుట్టను కదిపితే అది గోలే అన్నాడు. సామగ్రిని అడ్డం పెట్టుకుని ఎవరూ లాభపడకూడదన్నదే అందులోని న్యాయం. తర్వాత బాల్కనీలోని ప్రేక్షకులు చేతులు చాచి బంతిని నెట్టేస్తుంటే బుట్ట వెనక బోర్డులు వచ్చాయి. క్రమంగా బుట్ట పోయి ఇనప రింగు, దానికి అడుగు లేని వల వచ్చాయి.

వల విలువ మన బడిలో ఆడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మన మట్టి కోర్టులో రింగులుండేవి, వలలు ఎప్పుడో చిరిగిపోయాయి. బంతి రింగులోంచి పడిందా, పక్కనుంచి జారిందా అని ఎన్ని సాయంత్రాలు గొడవ పడ్డామో! వల అలంకారం కాదు, సాక్షి. సాక్షి లేనిచోట రిఫరీ మాటే దిక్కు. మన డ్రిల్ మాస్టారు లేసు ఊడిందని ఎవరైనా చెయ్యెత్తితే "బంతి బయటికి పోయాక కట్టుకోరా" అనేవారు. రింగు బోల్టు వదులైందని తెలిస్తే మాత్రం ఎంత మంచి పట్టులో ఉన్నా ఆట ఆపేసేవారు. హ్యారీ క్రో బక్ అనే స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థి 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పెట్టాడు. నైస్మిత్ ఆట పుట్టిన బడికీ మన దక్షిణాదికీ అదొక సూటి బంధం.

రింగు బోల్టు సంగతి చిన్నది కాదని 1979లో అమెరికాకు తెలిసొచ్చింది. ఆ నవంబరులో కన్సాస్ సిటీలో డారిల్ డాకిన్స్ బంతిని రింగులోకి బాదితే గాజు బోర్డు పగిలి ముక్కలు రాలాయి. మూడు వారాలకే ఫిలడెల్ఫియాలో మరో బోర్డు పగలగొట్టాడు. అలాంటప్పుడు ఆపాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. దీనికి మందు ఈల కాదు, స్ప్రింగు. ఇలినాయ్‌లో ధాన్యం గోదాములో పనిచేసే ఆర్థర్ ఎహ్రాట్, ట్రాక్టరు కల్టివేటర్ స్ప్రింగు వాడి, బరువు పడితే వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చే రింగు చేశాడు. 1982లో దానికి పేటెంటు వచ్చింది. ఆట ఆపాల్సిన అవసరమే రాకుండా చేయడం అన్నిటికన్నా మంచి పని.

అయితే ఎక్కువ గాయం చేసింది పగిలిన గాజు కాదు, గడియారం. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్లో సోవియట్ జట్టు 49–48తో ముందుంది. మూడు సెకండ్లు మిగిలి ఉండగా అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి 50–49 చేశాడు. రెండో త్రో వేస్తుండగా స్కోరర్ల బల్ల దగ్గర హారన్ మోగింది. ఆట ఆగలేదు. సోవియట్లు టైమౌట్ అడిగామని గోల చేశాక ఒక సెకండు మిగిలి ఉండగా ఆపారు. మళ్లీ మూడు సెకండ్లు ఇవ్వమన్నారు. గడియారాన్ని సరిచేయడం పూర్తి కాకముందే బంతి ఆటలోకి వచ్చింది, హారన్ మోగింది, అమెరికన్లు గెలిచామని గంతులేశారు. మూడోసారి ఆడించినప్పుడు ఎడెష్కో విసిరిన పొడుగు పాసును అలెగ్జాండర్ బెలోవ్ అందుకుని గోలు వేశాడు. ఫలితం 51–50. రిఫరీ రిఘెట్టో స్కోరు పత్రం మీద సంతకం చేయనన్నాడు. అప్పీలు 3–2 ఓట్లతో వీగిపోయింది. అమెరికన్లు వెండి పతకాలు తీసుకోలేదు. యాభై ఏళ్లు దాటినా ఆ గాయం మానలేదు.

నేను వృత్తిరీత్యా కంట్రోల్ ప్యానెళ్ల మనిషిని. నాకు ఇందులో రెండు వేర్వేరు లోపాలు కనిపిస్తాయి. ఒకటి, హారన్ మోగినప్పుడు దాని అర్థమేమిటో అప్పుడే తేల్చకపోవడం. రెండోది అంతకన్నా పెద్దది: గడియారం సిద్ధమైందని నిర్ధారించుకోకుండా ఆట మళ్లీ మొదలుపెట్టడం. మా ప్లాంటులోనూ యంత్రాన్ని ఆపడానికి ఒక మీట చాలు. తిరిగి నడపడానికి మాత్రం తనిఖీల జాబితా ఉంటుంది.

ఇప్పటి అంతర్జాతీయ నియమాల్లో ఈ వివేకం కనిపిస్తుంది. ఒక జట్టు చేతిలో బంతి ఉండగా షాట్ క్లాక్ పొరపాటున మోగితే దాన్ని పట్టించుకోకుండా ఆట సాగించాలి. ఆ జట్టుకు దానివల్ల నష్టం జరిగిందని రిఫరీకి అనిపిస్తే మాత్రం ఆపి, గడియారం సరిచేసి, బంతి వాళ్లకే ఇవ్వాలి. ఆటగాడికి దెబ్బ తగిలినా సాధారణంగా బంతి ఉన్న జట్టు షాటు వేసేదాకానో, బంతి పోగొట్టుకునేదాకానో ఆగుతారు. అతణ్ణి కాపాడటం అవసరమైతే తక్షణం ఆపవచ్చు. కాబట్టి నేను మూడు ప్రశ్నలుగా చెప్పుకుంటాను. ఎవరికైనా ప్రమాదమా? ఎవరికైనా అన్యాయపు లాభమా? రెండూ కాకపోతే, బంతి ఆగేదాకా ఆగవచ్చా?

స్వర్ణోత్సవ కానుకగా మన సంఘం బడికి కొత్త బోర్డులు, ఎలక్ట్రానిక్ గడియారం ఇస్తే నాకెంతో సంతోషం. వాటితోపాటు స్కోరర్ల బల్ల దగ్గర కూర్చునే పిల్లలకు నాలుగు సాయంత్రాల శిక్షణ కూడా ఇప్పిద్దాం. ఆ శిక్షణ బాధ్యత నేను తీసుకుంటాను. వలలు మాత్రం ఏటా మార్చాలి. వాటికయ్యే ఖర్చు తక్కువే, అవి ఆపే గొడవలు ఎక్కువ.