యుద్ధకాల కొనుగోళ్లపై పార్లమెంటు పర్యవేక్షణ

యుద్ధ సమయంలో ప్రభుత్వం ఆయుధాలు, వాహనాలు, ఇతర సామగ్రి కోసం కుదుర్చుకునే ఒప్పందాలను చట్టసభ సభ్యులు పరిశీలించి, ఖర్చుకు సంజాయిషీ కోరడాన్ని యుద్ధకాల కొనుగోళ్లపై పార్లమెంటు పర్యవేక్షణ అంటారు. అత్యవసరం పేరిట టెండరు నియమాలను సడలించడం, లెక్కలు యుద్ధం ముగిసిన చాలాకాలానికి గాని సభ ముందుకు రాకపోవడం ఇందులోని ప్రధాన సమస్యలు.

జీపుల కొనుగోలు

1948లో కాశ్మీరు యుద్ధం జరుగుతుండగా, బ్రిటన్‌లో భారత హైకమిషనరుగా ఉన్న వి.కె.కృష్ణ మీనన్ సైన్యానికి జీపుల కోసం ఒక విదేశీ సంస్థతో సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం కుదుర్చుకున్నాడు. సొమ్ములో అధికభాగం ముందే చెల్లించినా 155 జీపులు మాత్రమే వచ్చాయి. అవి కూడా పనికిరావని సైన్యం తిరస్కరించింది. చిత్తూరు జిల్లాకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ నాయకత్వంలోని సంఘం దీనిని విచారించింది. సంఘం సూచనను పక్కనపెట్టి, 1955 సెప్టెంబరు 30న హోంమంత్రి గోవింద వల్లభ పంత్ ఈ వ్యవహారం ముగిసినట్లు ప్రకటించాడు. తృప్తి చెందని ప్రతిపక్షం దీనిని ఎన్నికల అంశం చేసుకోవచ్చునని కూడా అన్నాడు. మీనన్ స్వయంగా లాభపడినట్లు ఎన్నడూ రుజువు కాలేదు. ఆయన 1956లో కేంద్రమంత్రి, 1957లో రక్షణమంత్రి అయ్యాడు.

పంత్ మాట ధిక్కారంగా తోచినా, తుది తీర్పరి ఓటరే అన్న అర్థం అందులో ఉంది. అయితే సభ్యులు రాబట్టని లెక్కను ఓటరు తీర్పు చెప్పేదెలా అన్న ప్రశ్నకు ఆయన సమాధానం ఇవ్వలేదు.

కార్గిల్ అనుభవం

1999 కార్గిల్ యుద్ధ కొనుగోళ్లపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదిక 2001 డిసెంబరులో పార్లమెంటుకు చేరింది. సామగ్రిలో అధికభాగం పోరు ముగిశాకే అందినట్లు అది తెలిపింది. ఒక్కొక్కటి 2,500 డాలర్ల చొప్పున 500 అల్యూమినియం శవపేటికలు కొనేందుకు ఒప్పందం జరిగింది. వచ్చిన 150 పేటికలు 18 కిలోలకు బదులు 55 కిలోల బరువు తూగాయి. ప్రజాపద్దుల సంఘం విచారణ చేపట్టగా, కేంద్ర విజిలెన్స్ కమిషన్ నివేదికను ప్రభుత్వం సంఘానికి ఇవ్వలేదు. సరైన సాక్ష్యాలు లేవంటూ 2013లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులైన సైనికాధికారులను విడుదల చేసింది.

సభ్యుల జవాబుదారీతనం

ప్రజాపద్దుల సంఘంలో లోక్‌సభ నుండి 15 మంది, రాజ్యసభ నుండి 7 మంది సభ్యులు ఉంటారు. మంత్రులు ఉండరాదు. 1967 నుండి ప్రతిపక్ష సభ్యుని అధ్యక్షునిగా నియమించడం ఆనవాయితీ. సంఘం సిఫారసులు ప్రభుత్వానికి శిరోధార్యం కావు. సమావేశాలు రహస్యంగా జరుగుతాయి. సికింద్రాబాదు కంటోన్మెంటు శాసనసభ స్థానం మల్కాజ్‌గిరి లోక్‌సభ నియోజకవర్గంలో భాగం. అక్కడి ఓటరు తమ సభ్యుడు సభలో అడిగిన ప్రశ్నలను లోక్‌సభ ప్రచురణల్లో చదవవచ్చు. ఆ సభ్యుడు సంఘంలో ఉంటే, సమావేశాలకు హాజరైనదీ లేనిదీ నివేదికలకు జతచేసే కార్యక్రమ వివరాల్లో తెలుస్తుంది.