ఎఫ్రాయిము గోత్రం: షోమ్రోను నుంచి కొత్తరెడ్డిపాలెం దాకా

ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము ఒకటి. బైబిలు ప్రకారం యోసేపు రెండో కొడుకు ఎఫ్రాయిమే దీని మూలపురుషుడు. పెద్దవాడు మనష్షే ఉండగా తాత యాకోబు కుడిచేతి దీవెన చిన్నవాడికే దక్కింది. ఉత్తర రాజ్యపు తొలి రాజు యరొబాము ఈ గోత్రం వాడే. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఆ రాజ్యం రాజధాని షోమ్రోను అస్సిరియన్ల వశమైంది. అక్కడి నుంచి 27,000 మందికి పైగా తరలించినట్టు రెండో సర్గోను శాసనాలు చెబుతాయి. ‘తప్పిపోయిన పది గోత్రాల’ కథకు మూలం ఈ వలసే.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ‘బెనె ఎఫ్రాయిము’, అంటే ఎఫ్రాయిము సంతతి అంటాయి. ఒకప్పుడు క్రైస్తవులైన వీరు 1980ల చివరి నుంచి బహిరంగంగా యూదు ఆచారాలు పాటిస్తున్నారు. సొంత ప్రార్థనామందిరం కూడా ఉంది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిపై పుస్తకం ప్రచురించారు.

మణిపూర్, మిజోరంలలోని బ్నే మెనాషేలను ఇశ్రాయేలు సంతతిగా 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ గుర్తించారు. ఆంధ్రా కుటుంబాలకు అలాంటి గుర్తింపు రాలేదు. ఇక్కడ చిక్కు వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులు, సిక్కులు, బౌద్ధులకే. యూదులమని అధికారికంగా నమోదైతే ఆ హోదా వదులుకోవాల్సిందే.