సిలువ బలి, పాపపరిహార పత్రం

పాపం క్షమించబడినా దాని శిక్ష మిగిలే ఉంటుందని మధ్యయుగ యూరప్ క్రైస్తవులు నమ్మేవారు. పాపం ఒప్పుకున్నవాడికి గురువు క్షమాపణ పలికితే నరకం తప్పుతుంది. తప్పుకు తగిన ప్రాయశ్చిత్తం మాత్రం ఉపవాసంగానో, దానంగానో, యాత్రగానో చెల్లించాల్సిందే. చెల్లించకుండా కన్నుమూస్తే ఆ బాకీ ఉత్తరించు స్థలంలో తీర్చుకోవాలి. ఈ బాకీని తగ్గిస్తూ చర్చి ఇచ్చిన మాఫీయే పాపపరిహార పత్రం. మనిషి రక్షణకు క్రీస్తు బలిని నమ్ముకోవాలా, తన మంచితనాన్నా అన్న వాదం 16వ శతాబ్దంలో ఈ పత్రం దగ్గరే రాజుకుంది.

మొదట్లో ఇందులో వ్యాపారం లేదు. పాత ప్రాయశ్చిత్తాలు ఏళ్ల తరబడి సాగేవి, బతుకుతెరువే చెడేంత కఠినంగా ఉండేవి. వాటిని సడలించడం దయతో చేసిన పనే. 1095లో క్లెర్మాంట్ సభలో రెండో అర్బన్ పోపు, భక్తితో జెరూసలేం విడిపించడానికి బయలుదేరినవారికి ఆ ప్రయాణమే పూర్తి ప్రాయశ్చిత్తమవుతుందని ప్రకటించాడు. 1300లో ఎనిమిదో బోనిఫేస్ జూబిలీ సంవత్సరం ప్రకటించి, రోముకు వచ్చిన యాత్రికులకు సంపూర్ణ మాఫీ ఇచ్చాడు.

దీనికి సిద్ధాంతపు పునాది 1343లో పడింది. క్రీస్తు బలికి హద్దు లేదు. లోకమంతటి పాపానికీ సరిపోయి ఇంకా మిగులుతుంది. దానికి పరిశుద్ధుల పుణ్యం కూడా కలిసి ఒక ధనాగారం అయిందని, దాని తాళాలు చర్చి చేతిలో ఉన్నాయని ఆరో క్లెమెంట్ పోపు రాశాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బలి చాలదని రోము ఎన్నడూ అనలేదు. ఆ బలి ఫలం మనిషికి ఎలా అందుతుందన్నదే తగువు. ధనాగారం అన్న మాట వచ్చాక లెక్క వచ్చింది, లెక్క వెనకే వెల వచ్చింది. 1476లో నాలుగో సిక్‌స్టస్ ఈ మాఫీని చనిపోయినవారికీ వర్తింపజేశాడు. ఇక పోయిన తల్లి బాధ తగ్గించడం కొడుకు చేతిలో ఉన్న పనైంది. డబ్బు ఇవ్వనన్న కొడుకు ఎలాంటివాడనిపించుకుంటాడు?

అచ్చుయంత్రం ఈ పనిని ఊరూరికీ చేర్చింది. సైప్రస్ రక్షణ కోసం 1454, 1455లో మైంజ్ నగరంలో అచ్చయిన పరిహార పత్రాలు యూరప్‌లో తేదీతో దొరికిన తొలి అచ్చు కాగితాల్లో ఉన్నాయి. ఒకటే పుట, ఒక రకంలో 31 పంక్తులు. క్షమాపణ మాటలన్నీ ముందే అచ్చయి ఉండేవి. కొన్నవాడి పేరుకూ, తేదీకీ మాత్రం ఖాళీలు వదిలేవారు. డబ్బు ముట్టాక గుమాస్తా కలంతో ఆ ఖాళీలు నింపేవాడు. మనిషికీ దేవునికీ మధ్య సంగతి అలా నింపుడు పత్రంగా మారింది.

అన్నిటికంటే పేరుమోసిన అమ్మకం ఒక అప్పు వల్ల మొదలైంది. బ్రాండెన్‌బుర్గ్ రాజవంశీకుడైన ఆల్‌బ్రెక్ట్ పాతికేళ్లు నిండకముందే మాగ్డెబుర్గ్ ఆర్చిబిషప్ అయ్యాడు. 1514లో మైంజ్ పీఠం కూడా సంపాదించాడు. రోముకు కట్టవలసిన రుసుముల కోసం ఆగ్స్‌బర్గ్ సాహుకార్లు ఫగ్గర్ల దగ్గర సుమారు 29 వేల గుల్డెన్లు అప్పు చేశాడు. అది తీర్చుకునే దారి పదో లియో పోపే చూపించాడు. ఆల్‌బ్రెక్ట్ తన ప్రాంతాల్లో పత్రాలు అమ్మించవచ్చు; రాబడిలో సగం రోములో కడుతున్న సెయింట్ పీటర్స్ చర్చికి, సగం ఫగ్గర్లకు. కొనేవారికి మొదటి సగమే చెప్పారు.

అమ్మకపు బాధ్యత డొమినికన్ సన్యాసి యోహాన్ టెట్‌జెల్‌కు అప్పగించారు. ఆల్‌బ్రెక్ట్ పేరుతో వెలువడిన సూచనల్లో హోదాను బట్టి వెలలున్నాయి. రాజులు, ఆర్చిబిషప్పులకు 25 బంగారు గుల్డెన్లు, చేతిపనివారికి ఒకటి. ఏమీ లేనివారు ప్రార్థన, ఉపవాసాలతో పొందవచ్చనీ అందులో ఉంది. సాక్సనీ పాలకుడు ఫ్రెడరిక్ తన రాజ్యంలో ఈ అమ్మకాన్ని నిషేధించాడు. అయితే ఆయనకూ విట్టెన్‌బర్గ్‌లో పరిశుద్ధుల అవశేషాల సేకరణ ఉంది. 1520 నాటికి 19 వేలకు పైబడిన ఆ ముక్కలను భక్తితో దర్శిస్తే 19 లక్షల ఏళ్లకు పైగా మాఫీ లభిస్తుందని లెక్క కట్టారు. అయినా విట్టెన్‌బర్గ్ జనం 1517లో సరిహద్దు దాటి యూటర్‌బోగ్ వెళ్లి టెట్‌జెల్ పత్రాలు కొనుక్కొచ్చారు. వాటిని తమ గురువు మార్టిన్ లూథర్‌కు చూపించారు.

లూథర్ ఆ లెక్కల బరువు స్వయంగా మోసినవాడు. 1505లో ఎర్‌ఫుర్ట్ మఠంలో చేరాక ఉపవాసాలతో ఒళ్లు గుల్ల చేసుకున్నాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకొని లేచాక, మరిచినదేదో గుర్తొచ్చి మళ్లీ మోకరించేవాడు. రోముకు వెళ్లినప్పుడు అక్కడి పవిత్ర సోపానం 28 మెట్లూ తాత ఆత్మ కోసం ప్రార్థిస్తూ ఎక్కాడు. ఎంత చేసినా ఇది చాలిందన్న నెమ్మది దొరకలేదు. మంచితనాన్ని నమ్ముకున్నవాడి చిక్కు అదే: ఎంత మంచితనం చాలుతుందో ఎవరూ చెప్పలేరు. విట్టెన్‌బర్గ్‌లో 1515, 1516లో రోమీయులకు వ్రాసిన పత్రికను బోధించాడు. దేవుని నీతి అంటే పాపిని శిక్షించే నీతి కాదు, క్రీస్తును బట్టి విశ్వాసికి ఉచితంగా దొరికే నీతి అని గ్రహించినప్పుడు స్వర్గద్వారాలు తెరుచుకున్నట్టయిందని 1545లో ఆయనే రాసుకున్నాడు.

అందుకే పత్రాల మీద ఆయన కోపం డబ్బుతో ఆగలేదు. 1517 అక్టోబర్ 31న ఆల్‌బ్రెక్ట్‌కు రాసిన లేఖతో 95 వాదాంశాలు పంపాడు. పత్రాన్ని నమ్ముకుని రక్షణ ఖాయమనుకోవడం వట్టి భ్రమ అని, పేదవాణ్ణి దాటిపోయి పత్రం కొనేవాడు దేవుని కోపాన్నే కొంటున్నాడని, చర్చి అసలు ధనాగారం సువార్తేనని వాటి సారం. 1522లో జర్మన్ కొత్త నిబంధన తెచ్చినప్పుడు రోమీయుల పత్రిక మూడో అధ్యాయంలో విశ్వాసం పక్కన మూలంలో లేని ‘మాత్రమే’ అనే పదం చేర్చి, విమర్శలొచ్చినా తీయలేదు. సుకార్యాలు వద్దని ఆయన అనలేదు. చెట్టు మంచిదైతే పండు మంచిదవుతుంది, పండు వల్ల చెట్టు మంచిది కాదు అన్నది 1520లో రాసిన పుస్తకంలో ఆయన వాదం.

రోము జవాబు కాథలిక్ బిషప్పుల ట్రెంట్ సభలో వచ్చింది. రక్షణ కృపతోనే మొదలవుతుందని 1547లో ఆ సభ ఒప్పుకుంది. అయితే మనిషి ఆ కృపకు సమ్మతించి నడవాలని, ఏ సహకారమూ అక్కర్లేని విశ్వాసం మాత్రమే చాలుననడం తప్పని తీర్మానించింది. 1567లో అయిదో పయస్ పోపు డబ్బుకు ముడిపడిన మాఫీలను రద్దు చేశాడు. మాఫీ ఆచారం డబ్బు లేకుండా కాథలిక్ చర్చిలో నేటికీ ఉంది.

తెలుగుకు ఈ చరిత్రతో బంధుత్వం హాలె నగరం ద్వారా వచ్చింది. ఒకప్పుడు ఆల్‌బ్రెక్ట్ నివాసం, ఆయన సేకరించిన పరిశుద్ధుల అవశేషాల భాండారం ఉన్న ఊరు అది. ఆయన 1541లో దాన్ని విడిచిపోయాక లూథరన్ నగరమైంది. మద్రాసులో తెలుగు నేర్చిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1746లో అక్కడే లూథర్ చిన్న ప్రశ్నోత్తర పుస్తకాన్ని తెలుగు లిపిలో అచ్చువేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాల్లో దాన్ని లెక్కిస్తారు. 1842 జులై 31న జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరడంతో అక్కడ లూథరన్ మిషన్ మొదలైంది. 1927లో ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది.

1999 అక్టోబర్ 31న కాథలిక్కులు, లూథరన్లు ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. మనిషి తన యోగ్యత వల్ల కాక, క్రీస్తు రక్షణ కార్యంపై విశ్వాసంతో, కృప వల్లనే దేవుని అంగీకారం పొందుతాడని, సుకార్యాలు ఆ తర్వాత వచ్చే ఫలాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. సంతకాలు జరిగిన సెయింట్ ఆన్నా చర్చిలోనే ఆల్‌బ్రెక్ట్‌కు అప్పిచ్చిన కాలంలో ఫగ్గర్ల వ్యాపారం నడిపిన యాకోబ్ ఫగ్గర్ సమాధి ఉంది.