అమెరికాలో లాటరీ: పన్నుకు బదులు టికెట్టు

డబ్బు కట్టడం, గెలుపు కేవలం అదృష్టం మీద ఆధారపడటం, గెలిచినవారికి బహుమతి దక్కడం: ఈ మూడూ కలిస్తే లాటరీ. ఇలాంటి ఆటను ప్రైవేటు వ్యక్తి వ్యాపారంగా నడిపితే అమెరికాలో నేరం. అదే ఆటను నేడు 45 రాష్ట్రాల్లో ప్రభుత్వమే నడుపుతోంది. ఈ వైరుధ్యానికి కారణం ఖజానాలో ఉంది. పన్ను వేయడానికి పాలకులు జంకినప్పుడల్లా అక్కడ లాటరీ ముందుకొచ్చింది.

వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ వలసను నిలబెట్టడానికి 1612లో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ లాటరీకి అనుమతిచ్చాడు. వలస రాజ్యాల కాలంలో బ్యాంకులు లేవు, పన్ను వసూలు యంత్రాంగం బలహీనం. అందుకే రోడ్లకు, చర్చిలకు, హార్వర్డ్, యేల్ వంటి విద్యాసంస్థలకు కూడా టికెట్లమ్మి డబ్బు పోగుచేశారు. 1776లో స్వాతంత్ర్య యుద్ధ ఖర్చుకు వలస రాజ్యాల ప్రతినిధి సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ చూసుకున్న దారుల్లో ఇదీ ఒకటి. 19వ శతాబ్దంలో మోసాలు పెరిగి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా నిషేధించాయి. 1868లో పుట్టిన లూసియానా లాటరీ కంపెనీ మాత్రం న్యూ ఆర్లీన్స్ ఆసుపత్రికి ఏటా 40,000 డాలర్లు ఇస్తూ, తపాలా ద్వారా దేశమంతా టికెట్లమ్మింది. డ్రాలపై నమ్మకం కలిగేలా అంతర్యుద్ధంలో దక్షిణాది (కాన్ఫెడరేట్) పక్షాన పోరాడిన ఇద్దరు మాజీ సేనానులను వేదికపై కూర్చోబెట్టింది. 1890లో కాంగ్రెస్ తపాలా దారి మూసేసింది. రాష్ట్రాల మధ్య టికెట్ల రవాణాపై నిషేధాన్ని 1903లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో సమర్థించింది.

మళ్లీ తలుపు తెరిచింది న్యూ హాంప్‌షైర్. అమ్మకపు పన్ను గానీ, జీతాలపై పన్ను గానీ లేని ఆ రాష్ట్రం బడుల కోసం 1964లో మూడు డాలర్ల టికెట్టు పెట్టింది. పన్నంటే ఇష్టంలేని చోటే ఇది మొదలవడం యాదృచ్ఛికం కాదు. 1967లో న్యూయార్క్ అనుసరించింది, 1974లో మసాచుసెట్స్ గీకే టికెట్టు తెచ్చింది. ఇప్పుడు దేశంలో ఏటా అమ్మకాలు 100 బిలియన్ డాలర్లు దాటుతున్నాయి.

ఎవరూ బలవంతపెట్టరు కదా, దీన్ని పన్ను అనవచ్చా? కొనడం ఐచ్ఛికమే. కానీ సిగరెట్టు కొనడమూ ఐచ్ఛికమే, అందులోని పన్నును పన్నే అంటాం. పైగా డ్యూక్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు ఛార్లెస్ క్లాట్‌ఫెల్టర్, ఫిలిప్ కుక్ 1989లో చూపినట్టు, ఆదాయంలో వాటాగా లెక్కిస్తే దీని భారం పేదల మీదే ఎక్కువ. చదువులకు మేలు జరుగుతోందనే వాదనలో నిజముంది: జార్జియా లాటరీ డబ్బుతో 1993లో ప్రారంభించిన హోప్ స్కాలర్‌షిప్‌తో ఎందరో కాలేజీ ఫీజు కట్టుకున్నారు. అయితే అది మార్కులు చూసి ఇచ్చేది. మంచి బడులకు పంపగల ఇళ్ల పిల్లలకు మార్కులు సులువు, టికెట్లు ఎక్కువగా కొనేది మరెవరో. ప్రభుత్వం నడపకపోతే ఆ డబ్బు దొంగ జూదం నడిపేవారికి పోతుందనడం మరింత బలమైన వాదన. కానీ అది లాటరీని అనుమతించడానికి చాలుతుంది, హోర్డింగులు పెట్టి ప్రజలను ఆడమని పిలవడానికి చాలదు.

ఆ పిలుపు ఏం దాస్తుందో చూడండి. అనేక రాష్ట్రాలు కలిసి నడిపే పవర్‌బాల్ లాటరీలో 69 సంఖ్యల్లో 5, 26లో 1 సరిపోవాలి. జాక్‌పాట్ తగిలే అవకాశం 29,22,01,338లో ఒకటి. 2022 నవంబరులో ప్రకటించిన 2.04 బిలియన్ డాలర్లు 30 వాయిదాల మొత్తం, ఒకేసారి తీసుకుంటే పన్నుకు ముందే అందులో సగంకన్నా తక్కువ. ప్రభుత్వాలు జాక్‌పాట్ అంకెను ఎంత పెద్ద అక్షరాల్లో చూపుతాయో, గెలిచే అవకాశాన్నీ చేతికొచ్చే మొత్తాన్నీ అంతే పెద్ద అక్షరాల్లో దాని పక్కనే చూపాలి.